పెద్ద భవనాల ఏసీ: కరెంటు ఆదా యంత్రంలో ఉందా, నడపడంలో ఉందా?

ఆఫీసులు, ఆసుపత్రులు, హోటళ్లు, మాల్స్ లాంటి పెద్ద భవనాల్లో కరెంటు బిల్లు తగ్గించాలన్న చర్చ మొదలైతే చాలు, నీళ్లను చల్లబరిచే పాత యంత్రం, అంటే చిల్లర్, పీకేసి కొత్తది పెడదామన్న మాట ముందుకొస్తుంది. అందులో తప్పు లేదు. పాతికేళ్ల కిందటి యంత్రాలతో పోలిస్తే ఇప్పటివి అంతే చల్లదనాన్ని చాలా తక్కువ కరెంటుతో ఇస్తున్నాయి. అయినా కొత్త యంత్రం పెట్టాక కూడా బిల్లు అనుకున్నంత దిగని భవనాలు ఎన్నో ఉన్నాయి. యంత్రం మీద రాసి ఉన్న సామర్థ్యం వేరు, అదే యంత్రం ఆ భవనంలో రోజూ నడిచేటప్పుడు దక్కే సామర్థ్యం వేరు. డబ్బు ఎక్కువగా పోయేది ఈ రెండింటి మధ్య తేడా దగ్గరే. ఆ తేడాను పూడ్చడానికి చాలావరకు కొత్త సామాను అక్కర్లేదు, ఉన్నదాన్ని సరిగ్గా నడిపితే చాలు.

ఇదేమీ చిన్న విషయం కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో చెప్పిన లెక్క ప్రకారం ఏసీలు, ఫ్యాన్లు కలిసి ప్రపంచం మొత్తం వాడే కరెంటులో దాదాపు 10 శాతం తీసుకుంటున్నాయి. భవనాల్లో వాడే కరెంటు వరకే చూస్తే అది ఐదో వంతు. అప్పటికి 160 కోట్లున్న ఏసీలు 2050 నాటికి 560 కోట్లవుతాయని కూడా ఆ సంస్థ అంచనా వేసింది. చలి దేశాల్లో గదులు వెచ్చబరచడానికి కాల్చే గ్యాస్, ఆయిల్ దీనికి అదనం.

ఫుల్ లోడ్ వచ్చేది ఎప్పుడు?

ఏ భవనానికైనా ఏసీ సైజు లెక్కగట్టేది ఏడాదిలో అత్యంత వేడిగా ఉండే రోజును దృష్టిలో పెట్టుకునే. ఆ రోజు మధ్యాహ్నం ఎండ దంచుతుండగా, ప్రతి కుర్చీలో మనిషి కూర్చుని, అన్ని లైట్లు వెలుగుతున్నా చల్లదనం తగ్గకూడదు. ఆ లెక్క మీద డిజైన్ చేసినవారు కొంత మార్జిన్ వేస్తారు, టెండర్ రాసేవారు ఇంకొంత వేస్తారు, చివరికి మార్కెట్లో దొరికే పెద్ద సైజుకు సర్దేస్తారు. తక్కువైతే ఫిర్యాదులొస్తాయి, ఎక్కువైతే ఎవరూ అడగరు. అందుకే ఈ మార్జిన్లకు అడ్డే ఉండదు.

వాస్తవంలో ఆ ఫుల్ లోడ్ ఎంతసేపు ఉంటుంది? అమెరికాలోని ఏసీ తయారీదారుల సంఘం ఏహెచ్‌ఆర్‌ఐ చిల్లర్లకు రేటింగ్ ఇచ్చే ప్రమాణం చూస్తే సంగతి అర్థమవుతుంది. ఏడాది సగటు సామర్థ్యాన్ని లెక్కించేటప్పుడు అది 100 శాతం లోడ్‌కు ఇచ్చే విలువ ఒక్క శాతమే. 75 శాతం లోడ్‌కు 42, సగం లోడ్‌కు 45, పావు లోడ్‌కు 12 శాతం ఇస్తుంది. అంటే యంత్రం బతుకంతా గడిచేది సగం, ముప్పావు లోడ్ల మధ్యే. అయినా కొనేటప్పుడు మాత్రం ఫుల్ లోడ్‌లో టన్నుకు ఎన్ని కిలోవాట్లు అన్న ఒక్క అంకె చూసే బేరం ముగుస్తుంది. ఒక టన్ను అంటే గంటకు 3.517 కిలోవాట్ అవర్ల వేడిని బయటికి తోడేయడం. టన్నుకు 0.6 కిలోవాట్లు తీసుకునే చిల్లర్ గొప్పదే. కానీ సగం లోడ్‌లో అదే చిల్లర్ ఎంత తీసుకుంటుందో, దాని వెంట నడిచే పంపులు, వేడిని బయటి గాల్లోకి వదిలే కూలింగ్ టవర్ ఫ్యాన్లు ఎంత తీసుకుంటాయో కలిపి చూస్తేగానీ అసలు లెక్క తేలదు.

తక్కువ లోడ్ దగ్గర ప్రకృతి ఒక పెద్ద వరం ఇచ్చింది. ఫ్యాను గానీ పంపు గానీ తీసుకునే కరెంటు, దాని వేగం ఘనంతో పాటు మారుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే కరెంటు సుమారు 51 శాతానికి పడిపోతుంది. సగానికి తగ్గిస్తే లెక్క ప్రకారం ఎనిమిదో వంతు చాలు. మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీలు ఇంతగా వ్యాపించింది ఇందుకే. అయితే వీఎఫ్‌డీ బిగించినంత మాత్రాన ఈ ఆదా రాదు. గదులకు గాలిని మోసుకెళ్లే గొట్టంలో, అంటే డక్ట్‌లో, ఎప్పుడూ ఇంత ఒత్తిడి ఉండాలని ఒక స్థిరమైన అంకె పెట్టేస్తే, గదులకు గాలి పెద్దగా అక్కర్లేనప్పుడు కూడా ఫ్యాను ఆ ఒత్తిడి కోసం తిరుగుతూనే ఉంటుంది. గదుల దగ్గర గాలిని ఆపే తలుపుల్లాంటి డ్యాంపర్లు సగానికి మూసుకుని ఉంటాయి, వాటి వెనక నుంచి ఫ్యాను గాలిని నెడుతూ ఉంటుంది. చేయాల్సింది సులువే. అన్నిటికన్నా ఎక్కువ తెరుచుకున్న డ్యాంపర్ ఏదో కంట్రోలర్ గమనిస్తూ, అది దాదాపు పూర్తిగా తెరుచుకునే దాకా ఒత్తిడిని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవాలి. ఇలాంటి పద్ధతులన్నిటినీ ఏసీ ఇంజినీర్ల అమెరికా సంఘం ఆష్రే 2018లో గైడ్‌లైన్ 36 పేరుతో ఒకచోట చేర్చింది. ప్రతి కాంట్రాక్టరూ తనకు తోచినట్లు ప్రోగ్రాం రాసుకునే అలవాటుకు ఇది మంచి విరుగుడు. దీనికి ఖర్చు సాఫ్ట్‌వేర్ పనికి తప్ప సామానుకు కాదు.

వేడి, చలి ఒకేసారి నడిస్తే

పెద్ద భవనాల్లో అన్నిటికన్నా పెద్ద వృథా, అన్నిటికన్నా తక్కువ కనిపించే వృథా ఇదే: ఒకే గాలిని ముందు చల్లబరచి, తర్వాత వేడి చేయడం. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే ఏసీ డక్ట్‌లోకి గాలిని 13 డిగ్రీల దగ్గర ఎందుకు పంపుతారో చూడాలి.

ఏసీ పుట్టిందే తేమ సమస్యతో. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం తన మొదటి వ్యవస్థను డిజైన్ చేశాడు. గాల్లో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని రంగులు సరిగ్గా పడకపోవడమే అక్కడి ఇబ్బంది. ఇప్పటికీ లెక్క అదే. గది 24 డిగ్రీల్లో, తేమ 50 శాతంలో ఉండాలంటే ఆ గాలి మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే తేమ నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, దాదాపు 13 డిగ్రీలు. తేమ నీళ్లుగా కారిపోవాలంటే గాలిని అంతదాకా చల్లబరచాలి. దానికోసం గాలి తగిలే పైపుల చుట్టలోకి, అంటే కాయిల్లోకి, 6, 7 డిగ్రీల నీళ్లు పంపడం ఆనవాయితీ అయింది.

ఆ 13 డిగ్రీల గాలి ఒక్క డక్ట్‌లోంచే అన్ని గదులకూ వెళ్తుంది. పడమటి వైపు అద్దాల గదికి అంత చల్లదనం కావాలి. భవనం లోపలి మూలలో ఖాళీగా ఉన్న మీటింగ్ రూమ్‌కు అక్కర్లేదు. అయినా ఆ గదికి కనీసం ఇంత గాలి వెళ్లాలని, గాలిని పెంచి తగ్గించే వీఏవీ బాక్స్‌లో ఒక అంకె పెట్టి ఉంటుంది. గరిష్ఠంలో 30 శాతం, కొన్నిచోట్ల 50 శాతం కూడా ఉంటుంది. ఆ గాలి గదిని గడ్డకట్టిస్తుంది. అప్పుడు థర్మోస్టాట్ ఆ గాలిని మళ్లీ వేడి చేసే రీహీట్ కాయిల్‌ను ఆన్ చేస్తుంది. మండు వేసవిలో, చిల్లర్ నడుస్తుండగానే, బాయిలర్ కూడా మండుతుంది. కాలిఫోర్నియాలోని ఆఫీసుల్లో ఈ కనీస గాలి పరిమితిని బాగా తగ్గించి చూసిన పరిశోధనను ఆష్రే ప్రచురించింది. కరెంటు, గ్యాస్ ఆదా అవుతాయని ముందే ఊహించారు. అంతకు మించి, వేసవిలో ఆఫీసులో చలిగా ఉందన్న అసంతృప్తి కూడా బాగా తగ్గింది. ఆదా చేయాలంటే సుఖం వదులుకోవాలన్న నమ్మకం ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది. ఎండాకాలంలో స్వెటర్ వేసుకుని పనిచేస్తున్నవారి ఇబ్బంది, యజమాని బిల్లు, రెండూ ఒకే తప్పు సెట్టింగ్ నుంచి పుట్టినవే.

రీహీట్ కనీసం ఎవరో ఒకరు కావాలని పెట్టింది. లీకయ్యే వాల్వ్ సంగతి అంతకన్నా ఘోరం. గాలిని చల్లబరచో వేడి చేసో డక్ట్‌లోకి పంపే యూనిట్, అంటే ఒక ఏహెచ్‌యూ, ఊహించండి. బయటి గాలి, లోపలి నుంచి తిరిగొచ్చిన గాలి కలిసి 20 డిగ్రీల దగ్గర లోపలికి వస్తున్నాయి. ముందు హీటింగ్ కాయిల్, దాని వెనక కూలింగ్ కాయిల్. హీటింగ్ వాల్వ్‌ను కంట్రోలర్ పూర్తిగా మూసేసింది, స్క్రీన్ మీద సున్నా శాతం అని కనిపిస్తోంది. కానీ వాల్వ్ సీటు అరిగిపోయి వేడినీళ్లు సన్నగా పారుతూనే ఉన్నాయి. గాలి 24 డిగ్రీలకు వేడెక్కింది. వెనకున్న కూలింగ్ కాయిల్ తన వాల్వ్‌ను ఇంకొంచెం తెరిచి ఆ గాలిని 13కే దింపింది. డక్ట్‌లో సెన్సార్ 13 చూపిస్తోంది. గదిలో ఎవరికీ ఇబ్బంది లేదు, అలారం మోగలేదు, ఫిర్యాదు రాలేదు. 7 డిగ్రీలు దింపితే సరిపోయేచోట యంత్రం 11 డిగ్రీలు దింపుతోంది, పైగా ఆ అదనపు 4 డిగ్రీల వేడి కోసం బాయిలర్ గ్యాస్ కాలుస్తోంది. ఇది సంవత్సరాల తరబడి నడవగలదు, ఎందుకంటే వ్యవస్థ తన తప్పును తానే కప్పిపుచ్చుకుంటోంది.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. రెండు వాల్వ్‌లనూ మూసేయమని కమాండ్ ఇచ్చి, ఫ్యాన్ ఒక్కటే నడిపి, కాసేపయ్యాక ప్రతి కాయిల్‌కు ముందు, వెనక ఉష్ణోగ్రత కొలవాలి. ఫ్యాన్ మోటారు వల్ల వచ్చే కొద్దిపాటి వేడి తప్ప తేడా ఉండకూడదు. ఉంటే వాల్వ్ కారుతున్నట్లే. ఏహెచ్‌యూకు ఓ అరగంట పని. చాలా భవనాల మెయింటెనెన్స్ చెక్‌లిస్టులో బెల్టు బిగింపు ఉంటుంది, ఫిల్టర్ శుభ్రం ఉంటుంది, ఈ పరీక్ష మాత్రం ఉండదు.

థర్మోస్టాట్లలో వేడికీ చలికీ మధ్య ఉండాల్సిన ఖాళీ కూడా ఇలాంటిదే. 21 కంటే తగ్గితేనే వేడి, 24 దాటితేనే చల్లదనం అని పెడితే మధ్యలో రెండూ ఆగి ఉంటాయి. ఆష్రే 90.1 ప్రమాణం కనీసం 3 డిగ్రీల దాకా ఈ ఖాళీ ఉండాలని చెబుతోంది. ఎవరో ఫిర్యాదు చేశారని దాన్ని ఒక డిగ్రీకి కుదిస్తే, ఒకే హాల్లో పక్కపక్క యూనిట్లు ఒకటి వేడి చేస్తూ, ఒకటి చల్లబరుస్తూ రోజంతా కుస్తీ పడతాయి.

నీళ్ల వైపు లెక్క

వేడిని మోయడంలో గాలితో పోలిస్తే నీళ్లు ఎంతో మేలు. ఒక ఘనపు మీటరు నీళ్లు మోసే వేడి, అంతే పరిమాణం గాలి మోసేదానికి దాదాపు 3,500 రెట్లు. అందుకే పెద్ద భవనాల్లో చల్లటి నీళ్లను పైపుల్లో తిప్పుతారు. కానీ ఆ నీళ్లు ఎంత వేడెక్కి తిరిగొస్తున్నాయన్నది చాలామంది చూడరు. 7 డిగ్రీల్లో వెళ్లిన నీళ్లు 13 డిగ్రీల్లో తిరిగి రావాలని డిజైన్ అనుకోండి. 10 డిగ్రీలకే తిరిగొస్తుంటే అంతే వేడి మోయడానికి రెట్టింపు నీళ్లు తిప్పాలి. ఒక చిల్లర్ గుండా పారగలిగే నీళ్లకు హద్దుంది కాబట్టి, సగం లోడ్‌లో ఉండగానే రెండో చిల్లర్, దాని పంపులు స్టార్ట్ చేయాల్సొస్తుంది. చూసేవారికి భవనానికి టన్నులు చాలడం లేదనిపిస్తుంది, మూడో చిల్లర్‌కు ప్రపోజల్ తయారవుతుంది. తీరా వెతికితే కారణం మట్టి పట్టిన కాయిల్స్, నీళ్లను పనిలేకుండా తిరిగి పంపే త్రీవే వాల్వ్‌లు, లేదా ఎప్పటికీ అందని 11 డిగ్రీలకు ఎవరో సెట్ చేసి వదిలేసిన ఒక ఏహెచ్‌యూ అవుతుంది. ఆ ఏహెచ్‌యూ వాల్వ్ రోజంతా బార్లా తెరుచుకునే ఉంటుంది.

చిల్లర్ చేసే పనంతా వేడిని కింది ఉష్ణోగ్రత నుంచి పై ఉష్ణోగ్రతకు ఎక్కించడం. ఎక్కించాల్సిన ఎత్తు తగ్గితే కరెంటు తగ్గుతుంది. చల్లటి నీళ్లను ఒక డిగ్రీ ఎక్కువ ఉష్ణోగ్రతలో పంపగలిగితే చిల్లర్ కరెంటు సుమారు 2 నుంచి 3 శాతం కలిసొస్తుంది. కూలింగ్ టవర్ నుంచి వచ్చే నీళ్లు ఒక డిగ్రీ చల్లగా ఉన్నా దాదాపు అంతే. కాబట్టి ఏడాది పొడవునా 7 డిగ్రీలే పంపాలన్న పట్టుదల అనవసరం. గాలి పొడిగా ఉన్న రోజుల్లో, లోడ్ తక్కువున్న వేళల్లో 9, 10 డిగ్రీలు హాయిగా సరిపోతాయి. తేమను విడిగా ఒక చిన్న యూనిట్‌తో తీసేసే భవనాల్లో అయితే గదుల్లోని ప్యానెళ్లకు 16 డిగ్రీల నీళ్లు పంపినా చాలు.

వేడి చేసే వైపు కూడా ఇదే సూత్రం, తలకిందులుగా. కండెన్సింగ్ బాయిలర్లు గొప్ప సామర్థ్యం పేరుతో అమ్ముడవుతాయి. వాటి గొప్పతనమంతా పొగలోని నీటి ఆవిరిని చల్లబరచి, అందులో దాగున్న వేడిని రాబట్టుకోవడంలో ఉంది. సహజవాయువు పొగలో ఆవిరి నీళ్లుగా మారేది సుమారు 55 డిగ్రీల కిందే. తిరిగొచ్చే నీళ్లు 60, 70 డిగ్రీల్లో ఉంటే అది పేరుకే కండెన్సింగ్ బాయిలర్, పనిలో మామూలు బాయిలర్. పాత సెట్టింగ్‌లు అలాగే ఉంచి కొత్త బాయిలర్ పెట్టినచోట జరిగేది ఇదే. బయటి వేడిని కరెంటుతో లోపలికి తోడే హీట్ పంప్‌లకైతే నీళ్ల ఉష్ణోగ్రత ఇంకా కీలకం. బయట సున్నా డిగ్రీలున్నప్పుడు 35 డిగ్రీల నీళ్లు ఇవ్వాలంటే, ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 8.8 యూనిట్ల వేడి వరకు సిద్ధాంతం ఒప్పుకుంటుంది. 65 డిగ్రీలు కావాలంటే ఆ హద్దు 5.2కు పడిపోతుంది. నిజమైన యంత్రాలు ఇందులో సగానికి అటూ ఇటూగా ఇస్తాయి, కానీ నిష్పత్తి మారదు. గ్యాస్ నుంచి హీట్ పంప్‌కు మారాలనుకునే భవనం ముందు చూసుకోవాల్సింది హీట్ పంప్ బ్రాండ్ కాదు, ఎంత తక్కువ వేడి నీళ్లతో తన గదులు వెచ్చబడతాయన్నది.

ఆసుపత్రులు, హోటళ్లలో ఏడాది పొడవునా వేడినీళ్లు కావాలి, ఏడాది పొడవునా చల్లదనమూ కావాలి. ఒక పక్క కూలింగ్ టవర్ మీద నుంచి వేడిని గాల్లోకి వదిలేస్తూ, ఇంకో పక్క గ్యాస్ కాల్చి నీళ్లు కాచుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. హీట్ రికవరీ చిల్లర్ ఆ వదిలేసే వేడినే నీళ్లకు ఎక్కిస్తుంది. ఇది మాత్రం కొత్త సామాను కొనదగిన సందర్భం.

బయటి గాలి

లోపలి మనుషులకు తాజా గాలి కావాలి, ఆ గాలిని చల్లబరచడానికో వేడి చేయడానికో ఖర్చవుతుంది. హాలు ఖాళీగా ఉన్నా నిండినా ఒకేంత గాలి లాగకుండా, కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ చూసి తగ్గించుకోవడం, పెంచుకోవడం మంచి పద్ధతి. అయితే సెన్సార్లు కాలక్రమేణా తప్పు చూపిస్తాయి. బయటి గాల్లో సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) ఉంటుంది, ఆ గాల్లో పెట్టి సరిచూడటం మరిచిపోకూడదు. బయట చల్లగా ఉన్నప్పుడు చిల్లర్ ఆపేసి బయటి గాలితోనే భవనాన్ని చల్లబరిచే ఎకనమైజర్ ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. దాని డ్యాంపర్ లింకేజీ ఊడిపోయో తుప్పుపట్టో ఒకేచోట బిగుసుకుపోవడం కూడా చాలాచోట్ల ఉంటుంది. మూసుకుని బిగిస్తే ఉచిత చల్లదనం పోతుంది, తెరుచుకుని బిగిస్తే మండుటెండ గాలి లోపలికొస్తుంది. బిల్లు తగ్గించడానికి తాజా గాలిని పూర్తిగా మూసేసే భవనాలూ ఉన్నాయి. దాన్ని ఆదా అనకూడదు, లోపలివారి ఆరోగ్యం మీద వేసిన భారం అది.

ముందు లోడ్, తర్వాతే యంత్రం

న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం ఆధునికీకరణ ఈ వరుస ఎందుకు ముఖ్యమో బాగా చూపించింది. 2009లో ప్రకటించిన ఆ ప్రాజెక్టులో మొదట కిటికీల పని పట్టారు. 6,514 కిటికీల అద్దాలను పారేయకుండా, భవనంలోనే ఒక అంతస్తులో వర్క్‌షాప్ పెట్టి, మధ్యలో ప్రత్యేక ఫిల్మ్ బిగించి మళ్లీ వాడారు. రేడియేటర్ల వెనక వేడి గోడలోకి పోకుండా అడ్డు పెట్టారు, కంట్రోల్స్ మార్చారు. చల్లదనం అవసరం సుమారు 1,600 టన్నులు తగ్గుతుందని తేలింది. దాంతో చిల్లర్ ప్లాంటును మార్చి పెద్దది చేయాల్సిన అవసరం తప్పింది, ఉన్న చిల్లర్లనే బాగుచేసుకున్నారు. అన్నీ కలిపి ఇంధన వాడకం 38 శాతం తగ్గించడం లక్ష్యం. ముందు చిల్లర్ కొనేసి ఉంటే కిటికీల ఖర్చు ఎప్పటికీ గిట్టుబాటయ్యేది కాదు.

మరి ఇన్ని తెలిసిన పద్ధతులుండగా ఎందుకు జరగదు? యజమాని యంత్రం కొంటాడు, అద్దెకున్నవారు బిల్లు కడతారు, మెయింటెనెన్స్ కాంట్రాక్టర్‌కు ఫిర్యాదులు లేకుండా చూడటమే ఉద్యోగం. వృథాను వెతికే పని ముగ్గురిలో ఎవరిదీ కాదు. కాస్త వెతికితే ఎంత దొరుకుతుందో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2009లో 643 భవనాల అనుభవం నుంచి చెప్పింది. ఉన్న భవనాల్లో సెట్టింగ్‌లు, వాల్వ్‌లు, సెన్సార్లు వరసగా పరీక్షించి సరిదిద్దితే మధ్యస్థంగా 16 శాతం ఇంధనం ఆదా అయింది, పెట్టిన ఖర్చు ఏడాది చిల్లరలో తిరిగొచ్చింది. అయితే ఈ ఆదా నిలబడాలంటే పని ఒకసారి చేసి వదిలేస్తే కుదరదు. ఒక ఫిర్యాదు రాగానే మాన్యువల్‌లో పెట్టిన డ్యాంపర్‌ను మళ్లీ ఆటోలోకి మార్చేవారు లేకపోతే అంతా మొదటికొస్తుంది.

ఆస్ట్రేలియా ఈ చిక్కుముడిని కొలత వైపు నుంచి విప్పింది. 1998లో మొదలై ఇప్పుడు నాబర్స్ పేరుతో నడుస్తున్న రేటింగ్, డిజైన్ కాగితాలను చూడదు, గడిచిన 12 నెలల మీటర్ రీడింగ్‌లనే చూస్తుంది. సెంట్రల్ ఏసీ, లిఫ్టులు, కామన్ ఏరియా లైట్లు లాంటి యజమాని చేతిలోని వాడకాన్ని, అద్దెదారుల సొంత వాడకాన్ని విడివిడిగా లెక్కగడుతుంది. పెద్ద ఆఫీసు స్థలాలు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఆ రేటింగ్ బయటపెట్టాలని 2010లో చట్టం కూడా చేశారు. దాంతో భవనం నడిపేవారి పనితనం అద్దె మార్కెట్లో కనిపించే అంకె అయింది.

చట్టం లేనిచోట కూడా యజమాని తన కాంట్రాక్టులోనే ఇలాంటిది రాసుకోవచ్చు. చిల్లర్ ప్లాంటుకు, ఏహెచ్‌యూలకు, బాయిలర్‌కు వేర్వేరు మీటర్లు పెట్టించి, పంపులు, టవర్ ఫ్యాన్లతో సహా ఏడాది సగటున టన్నుకు ఎన్ని కిలోవాట్లు పడ్డాయో మీటర్లే చూపించాలని షరతు పెట్టాలి. చివరి బిల్లులో కొంత భాగాన్ని ఆ ఏడాది లెక్క వచ్చేదాకా ఆపుకోవాలి. అప్పుడు కాంట్రాక్టర్ ఇంజినీర్ ప్రారంభోత్సవం రోజుతో మాయమవకుండా, ఎండాకాలంలోనూ, చలికాలంలోనూ తానే వచ్చి ట్రెండ్ గ్రాఫులు తిరగేసి, మూసుకోని వాల్వ్ ఎక్కడుందో వెతుకుతాడు.